పర్లాకిమిడి నుంచి జయపురం దాకా: మన సరిహద్దు జిల్లాల్లో దక్షిణాకాశ వీక్షణకు సమగ్ర మార్గదర్శి

దక్షిణాకాశంలో శిలువ ఆకారంలో ఉండే నాలుగు నక్షత్రాల త్రిశంకువును చూడాలనుకునే వారికి మొదట చెప్పవలసిన మాట ఒకటుంది. ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి ఆ నక్షత్రాలు కనిపిస్తాయి గాని, చాలా కిందుగా కనిపిస్తాయి. చేయి చాచి పిడికిలి బిగించి దిగంతం మీద ఆనించి చూస్తే, త్రిశంకువు పాదం దగ్గరి నక్షత్రం ఆ పిడికిలి ఎత్తును కూడా దాటదు. ఎదురుగా ఒక కొబ్బరి తోట ఉన్నా, పక్క ఊరి వీధి దీపాల వెలుతురు ఉన్నా, కొండ వాలు మీద పోడు పొగ నిలిచినా అది కనిపించకుండా పోతుంది. ఏళ్ల తరబడి ఆకాశం చూస్తున్న వారిలో కూడా చాలామందికి దక్షిణపు అంచు పరిచయం కాకపోవడానికి ఇదే కారణం. నడినెత్తిన ఉన్న వాటిని తలెత్తితే చూడవచ్చు. దక్షిణాన ఉన్న వాటికి చోటును, దిక్కును, గడియను ముందే కుదుర్చుకుని ఎదురు వెళ్లాలి. ఆ ఏర్పాటును వరుసగా వివరించడమే ఈ వ్యాసం పని.

మన హద్దు ఎక్కడ

పర్లాకిమిడి, కొరాపుట్ పట్టణాలు సుమారు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. జయపురం 18.9, రాయగడ 19.2, బరంపురం 19.3 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఈ ఊళ్ల మధ్య తేడా అర డిగ్రీయే కనుక లెక్కకు అందరమూ 19 అనుకుంటే చాలు. 90 నుంచి 19 తీసివేస్తే 71 వస్తుంది. ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) దక్షిణంగా 71 డిగ్రీల వరకు ఉన్న ప్రతి నక్షత్రమూ మనకు ఎప్పుడో ఒకప్పుడు ఉదయిస్తుందని దీని అర్థం. ఒక నక్షత్రపు దక్షిణ క్రాంతిని, అంటే ఆ రేఖకు అది ఎన్ని డిగ్రీలు దక్షిణంగా ఉందో ఆ అంకెను, 71 నుంచి తీసివేస్తే, అది సరిగ్గా దక్షిణ దిక్కుకు వచ్చినప్పుడు ఎంత ఎత్తున ఉంటుందో తెలుస్తుంది. ఈ ఒక్క తీసివేత వస్తే చాలు, మిగతా ప్రణాళిక అంతా దాని మీదే నడుస్తుంది.

అగస్త్య నక్షత్రం దక్షిణ క్రాంతి 52.7 డిగ్రీలు, కాబట్టి దాని గరిష్ఠ ఎత్తు 18 డిగ్రీలు. ఆల్ఫా సెంటారి 60.8 డిగ్రీల వద్ద ఉంది, అంటే ఎత్తు 10 డిగ్రీలు. త్రిశంకువు శిరస్సు 14 డిగ్రీల ఎత్తుకు వస్తే, పాదం 8 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పెద్ద మెగలానిక్ మేఘం అనే చిన్న గెలాక్సీ దాదాపు 70 డిగ్రీల దక్షిణాన ఉన్నందున లెక్క ప్రకారం ఉదయించినట్టే గాని, ఒక డిగ్రీ ఎత్తులో మసకను చీల్చుకుని కంటికి ఆనదు. చిన్న మెగలానిక్ మేఘమూ, 47 టుకానే అనే నక్షత్ర గుచ్ఛమూ మనకు అసలే ఉదయించవు. ఆ మేఘాల కోసం ఇక్కడ రాత్రులు ఖర్చు చేయవద్దని నా సలహా. కన్యాకుమారి వెళ్లినప్పుడు చూడండి. అక్కడ పెద్ద మేఘం సుమారు 12 డిగ్రీల ఎత్తుకు వస్తుంది.

దిగంతానికి దగ్గరగా ఉన్న వెలుగు మన కంటికి చేరే ముందు చాలా మందమైన గాలిని దాటుతుంది. నడినెత్తిన ఉన్న గాలిని ఒక పొర అనుకుంటే, 10 డిగ్రీల ఎత్తులో అది ఐదున్నర పొరలు, 5 డిగ్రీల ఎత్తులో పది పొరలు అవుతుంది. నిర్మలమైన రాత్రి కూడా 10 డిగ్రీల ఎత్తులోని నక్షత్రం దాదాపు ఒకటిన్నర ప్రకాశ తరగతులు కోల్పోతుంది, అంటే దాని వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. అందుకే పుస్తకాల్లో జ్వలిస్తున్నట్టు వర్ణించిన ఆల్ఫా సెంటారి మనకు సాధారణమైన చుక్కలాగే కనిపిస్తుంది. అది చూసి నిరుత్సాహపడవద్దు. మీరు చూస్తున్నది సరైన చుక్కే.

పగటి పూట చేయవలసిన పని

వీక్షణ రాత్రి మొదలవదు, పగలు మొదలవుతుంది. మొదట నిజమైన దక్షిణాన్ని గుర్తించాలి. ఫోన్‌లోని దిక్సూచి చుట్టుపక్కల ఇనుము ఉంటే తప్పుతుంది. డాబా పైకప్పులోని ఇనుప చువ్వల వల్ల నా ఫోన్ ఒకసారి 15 డిగ్రీలు పక్కకు చూపింది. నేల మీద శంకువు, అంటే నిలువు కర్ర, పాతి నీడ చూసే పాత పద్ధతి దీనికన్నా నమ్మదగినది. చదునైన నేల మీద మూరెడు కర్రను నిట్టనిలువుగా పాతి, దాని చుట్టూ తాడుతో ఒక వృత్తం గీయండి. ఉదయం నీడ కొస వృత్తాన్ని లోపలికి దాటే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత అదే కొస వృత్తం బయటికి దాటే చోట మరొక గుర్తు పెట్టండి. రెండు గుర్తులను కలిపే గీత పడమర నుంచి తూర్పుకు ఉంటుంది. దానికి లంబంగా కర్ర మీదుగా వెళ్లే గీత ఉత్తర దక్షిణాలను చూపుతుంది. ఈ గీతనే యామ్యోత్తర రేఖ అంటారు. యముడి దిక్కు దక్షిణం కనుక దానికి ఆ పేరు. డాబా మీద సున్నంతో ఈ గీతను శాశ్వతంగా గీసి పెట్టుకుంటే ప్రతి రాత్రీ పనికి వస్తుంది.

ఇక్కడ మన జిల్లాలకు ఒక సౌకర్యం ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం జయపురానికి అతి దగ్గరగా వెళుతుంది. అందువల్ల జయపురంలో గడియారం చూపే సమయమూ స్థానిక సూర్య సమయమూ దాదాపు ఒకటే. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 ప్రాంతాల్లో అక్కడ సరిగ్గా పగలు 12 గంటలకు సూర్యుడు యామ్యోత్తర రేఖ మీద ఉంటాడు. నీడ పొడవుగా పడే డిసెంబరు 25 ఈ పరీక్షకు అన్నిటికంటే మంచిది. పర్లాకిమిడి వారు అదే రోజు 11 గంటల 54 నిమిషాలకు, బరంపురం వారు 11 గంటల 51 నిమిషాలకు చూడాలి. నక్షత్రాలు కూడా ఇదే తేడాతో ముందుగా దక్షిణానికి వస్తాయి. ఒక హెచ్చరిక: మే మధ్య నుంచి జూలై చివరి వరకు మన ప్రాంతంలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు కాబట్టి అప్పుడు నీడ దక్షిణానికే పడుతుంది. నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందనే అలవాటుతో ఆ రోజుల్లో దిక్కు నిర్ణయిస్తే మొత్తం తలకిందులవుతుంది.

తర్వాత దిగంతాన్ని కొలవండి. బడి పిల్లల కోణమాపకం ఒకటి తీసుకుని, దాని సరళమైన అంచుకు ఒక గొట్టాన్ని అతికించి, మధ్య బిందువు నుంచి దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీయండి. గొట్టంలోంచి కొండ కొనను చూస్తూ దారం ఏ అంకె మీద పడిందో వేరొకరితో చదివించండి. ఆ అంకెకూ 90కీ మధ్య తేడాయే ఎత్తు కోణం. రాత్రి ధ్రువ నక్షత్రాన్ని కొలిస్తే సుమారు 19 డిగ్రీలు రావాలి. రెండు డిగ్రీలకు మించి తేడా వస్తే పరికరాన్ని సరిచేయండి. ఇది చిన్నపిల్లల ఆట అని తీసిపారేయవద్దు. ఒడిశాలోని ఖండపడాలో 1835లో పుట్టిన పఠాణి సామంత, అసలు పేరు సామంత చంద్రశేఖర్, వెదురుతోనూ కర్రతోనూ తాను చేసుకున్న ఇటువంటి సాధనాలతోనే, టెలిస్కోపు సాయం లేకుండా, గ్రహగతులను సవరించి లెక్కకట్టాడు. ఆయన వాడిన మాన యంత్రం టి ఆకారంలో అమర్చిన రెండు కర్రలే. ఆ రాష్ట్రంలోనే ఉంటున్న మనం ఆయన పద్ధతిలో ఒక్కసారైనా కొలిచి చూడడం న్యాయం.

దక్షిణం వైపు, దానికి అటూ ఇటూ 30 డిగ్రీల మేర, ఏ కొండ ఎంత ఎత్తుందో కాగితం మీద గీసుకోండి. కళ్లతో అంచనా వేయాలంటే ఒక సులభమైన లెక్క ఉంది: కొండ మీకంటే ఎంత ఎత్తుగా ఉందో దానికి పది రెట్ల దూరంలో ఉంటే, అది దాదాపు 6 డిగ్రీల ఆకాశాన్ని కప్పేస్తుంది. 3 కిలోమీటర్ల అవతల 300 మీటర్ల కొండ ఉంటే త్రిశంకువు పాదం అంచు మీద తచ్చాడుతుంది. 10 డిగ్రీలు కప్పే కొండ ఉన్న చోటును వదిలేయండి.

చోటు ఎంపిక

నియమం ఒక్కటే: మీ ఊరు మీకు ఉత్తరాన ఉండాలి. పట్టణానికి ఉత్తరపు శివారులో నిలబడితే వీక్షించవలసిన దిక్కంతా పట్టణపు వెలుతురులో మునిగిపోతుంది. దక్షిణపు శివారులో నిలబడితే అదే వెలుతురు వీపు వెనక్కి పోతుంది. రెండు చోట్లా చీకటి ఒకేలా అనిపించవచ్చు గాని, 10 డిగ్రీల ఎత్తులో తేడా చాలా పెద్దది.

సముద్రతీరం మీద అందరికీ మక్కువ ఎక్కువ. గోపాల్‌పూర్ నుంచి సరిగ్గా దక్షిణానికి చూస్తే సముద్రమే; అడ్డు ఏమీ ఉండదు. అయినా నేను తీరానికి రెండో స్థానమే ఇస్తాను. ఏప్రిల్, మే నెలల్లో సముద్రం మీద నిలిచే తేమ మసక కింది 10 డిగ్రీలను పాలలా కమ్మేస్తుంది. మే మధ్యలో ఇద్దరు మిత్రులతో మొదటిసారి అక్కడికి వెళ్లిన రాత్రి త్రిశంకువు శిరస్సు తప్ప మరేదీ కనిపించలేదు; నాలుగు నక్షత్రాలను చూడడానికి నాకు మరో ఏడాది పట్టింది. శీతాకాలంలో, ఉత్తరపు పొడిగాలి వీచేటప్పుడు, అగస్త్యుడి కోసం తీరం చాలా బాగుంటుంది. ఒక మాట మరవకండి: ఋషికుల్య నది మొగ దగ్గర ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, పిల్లలు వెలుతురు వైపు దారి తప్పుతాయి. ఆ కాలంలో ఆ ఇసుక మీద టార్చి వెలిగించకూడదు.

కొండలు మేలు. గజపతి జిల్లాలోని మహేంద్రగిరి ఎత్తు సుమారు 1,500 మీటర్లు. దక్షిణాన శ్రీకాకుళం మైదానం, దాని అవతల సముద్రం. అంత ఎత్తు నుంచి దూరపు దిగంతం ఒక డిగ్రీకి పైగా కిందికి దిగుతుంది, మసక పొరలో చాలా భాగం కాళ్ల కిందే ఉండిపోతుంది. కొరాపుట్ జిల్లాలోని దేవమాలి 1,672 మీటర్లతో ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం. అక్కడా గాలి తేటగా ఉంటుంది. అయితే ఇవి అడవి కొండలు. అటవీ శాఖ అనుమతి తీసుకోకుండా, దగ్గరి గూడెంలో చెప్పకుండా, ఒంటరిగా రాత్రి ఉండవద్దు. ఎలుగుబంట్లు తిరిగే చోట్లు స్థానికులకు తెలుసు, మనకు తెలియదు. డిసెంబరు, జనవరి నెలల్లో కొరాపుట్ పీఠభూమి మీద చలి తీవ్రంగా ఉంటుంది, తెల్లవారుజామున లోయల్లో మంచు నిండిపోతుంది. కాబట్టి లోయలో కాకుండా గట్టు మీద నిలబడాలి.

కొండకు వెళ్లలేని వారికి డాబా కూడా పనికొస్తుంది. దక్షిణపు పిట్టగోడ మీద మోచేతులు ఆనించి బైనాక్యులర్ పట్టుకుంటే అది కదలదు. కిందుగా ఉన్న వాటిని చూడడంలో ఉన్న ఒకే ఒక్క సుఖం ఇది. మెడ నొప్పి రాదు.

ఎప్పుడు: చైత్ర అమావాస్య లెక్క

ప్రతి నక్షత్రమూ రోజుకు నాలుగు నిమిషాల చొప్పున, నెలకు రెండు గంటల చొప్పున ముందుగా దక్షిణానికి వస్తుంది. త్రిశంకువు మార్చి 29 ప్రాంతంలో అర్ధరాత్రి 12 గంటలకు, ఏప్రిల్ 13న 11 గంటలకు, ఏప్రిల్ 28న 10 గంటలకు, మే 13న 9 గంటలకు యామ్యోత్తర రేఖ మీద నిటారుగా నిలుస్తుంది. ఆ గడియకు రెండు గంటలు ముందూ వెనుకా మాత్రమే దాని పాదం 5 డిగ్రీల పైన ఉంటుంది.

ఈ తేదీలు గుర్తుపెట్టుకోవడానికి మన పంచాంగమే చాలు. చైత్ర పౌర్ణమి నాడు చంద్రుడు చిత్తా నక్షత్రం దగ్గర ఉంటాడు. ఆ నెలకు పేరే అలా వచ్చింది. పౌర్ణమి చంద్రుడు అర్ధరాత్రి దక్షిణాన ఉంటాడు కనుక చిత్త కూడా అప్పుడు అక్కడే ఉంటుంది. రెండు వారాలు గడిచి అమావాస్య వచ్చేసరికి చిత్త సుమారు గంట ముందే, 11 గంటల ప్రాంతంలో దక్షిణానికి వస్తుంది; త్రిశంకువు దానికంటే మరో గంట ముందు వస్తుంది. చైత్ర అమావాస్య ఏ ఏడాదైనా ఏప్రిల్ మధ్యకూ మే మధ్యకూ నడుమ పడుతుంది కాబట్టి, ఆ రాత్రి 9 నుంచి 11 గంటల లోపు త్రిశంకువు నిటారుగా నిలవడం ఖాయం. వెన్నెల ఉండదు, వానాకాలం ఇంకా రాదు. ఏడాదిలో ఒక్క రాత్రే కేటాయించగలిగితే ఈ రాత్రినే కేటాయించండి. ఒడియా మిత్రులను కూడా పిలిచేటప్పుడు జాగ్రత్త: వారి పంచాంగంలో నెల పౌర్ణమితో ముగుస్తుంది కనుక మన చైత్ర అమావాస్య వారికి వైశాఖ అమావాస్య అవుతుంది. తిథి పేరు చెప్పకుండా తేదీ చెప్పండి.

ఆ నెలల్లో రెండు శత్రువులు ఉన్నాయి. ఒకటి పోడు కోసం కాల్చిన కొండ వాలుల పొగ. మార్చి, ఏప్రిల్ నెలల్లో గాలి లేని సాయంత్రాలు అది లోయల మీద చాపలా పరచుకుంటుంది. రెండోది సాయంత్రపు ఉరుముల వాన, ఒడియా వారు కాలబైశాఖి అనేది. ఈ రెండోది శత్రువులా వచ్చి మిత్రుడిలా వెళుతుంది. సాయంత్రం గట్టి వాన కురిసి రాత్రి 9 గంటలకు మబ్బు తెరిపి ఇస్తే, దుమ్మూ పొగా కడిగేసిన ఆ గాలిలో కనిపించేంత దక్షిణాకాశం మరెప్పుడూ కనిపించదు. వాన పడిందని సామాను లోపల పెట్టేయకండి.

సామగ్రి

7×50 లేదా 10×50 బైనాక్యులర్ ఒకటి చాలు. మొదటి ఏడాది టెలిస్కోపు కొనవద్దనే చెబుతాను. ఎక్కువ వర్ధనం దిగంతం దగ్గర గాలి వణుకును కూడా పెద్దది చేసి చూపిస్తుంది. ఇప్పటికే 6 అంగుళాల డాబ్సోనియన్ రకం టెలిస్కోపు ఉంటే, 10 డిగ్రీల ఎత్తుకు గొట్టం దాదాపు అడ్డంగా పడుకుంటుంది, కంటికటకం మోకాలి ఎత్తుకు దిగుతుంది. చాప మీద కూర్చుని చూడడానికి సిద్ధపడండి. వాడే ముందు అరగంట సేపు దాన్ని ఆరుబయట చల్లబడనివ్వాలి. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మూడు మడతలు చుట్టండి. స్టెల్లేరియం వంటి ఆకాశపటం యాప్‌లో మీ ఊరు పెట్టుకుని ముందు రోజే సాధన చేసి, రాత్రికి ఫోన్‌ను సంచిలోనే ఉంచండి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి ఫోన్ తెర చూస్తే ఆ శ్రమంతా పోతుంది.

ఆ రాత్రి వరుస

ఏప్రిల్ చివరి వారం అనుకుందాం. రాత్రి 9 గంటల లోపే చోటికి చేరి, యామ్యోత్తర రేఖ మీద ఒక దూరపు చెట్టునో స్తంభాన్నో గురుతు పెట్టుకుని, దక్షిణానికి ముఖం పెట్టి కూర్చోండి. తూర్పు మీ ఎడమ చేతి వైపు ఉంటుంది.

మొదట కెరీనా నీహారికను పట్టుకోవాలి, ఎందుకంటే అది పడమటికి వాలుతూ ఉంటుంది. త్రిశంకువుకు కుడివైపున, ఇంచుమించు అదే ఎత్తులో, పాలపుంతలో బైనాక్యులర్ తిప్పితే నక్షత్రాల మధ్య ఒక తెల్లని మసక మరక కనిపిస్తుంది. దాని దూరం సుమారు 7,500 కాంతి సంవత్సరాలు. అందులోని ఈటా కెరీనా అనే నక్షత్రం 1843లో ఒక్కసారిగా వెలిగి, ఆకాశంలో సిరియస్ తర్వాత అంత ప్రకాశమైనదైంది. తర్వాత కంటికి కనిపించనంతగా తగ్గిపోయింది. ఏప్రిల్ మధ్యలో అయితే ఈ నీహారిక 9 గంటలకు సరిగ్గా దక్షిణాన, 11 డిగ్రీల ఎత్తులో ఉంటుంది.

10 గంటలకు త్రిశంకువు. ముందుగా హస్తా నక్షత్రాన్ని గుర్తించండి. చేతి ఆకారంలో ఉండే ఆ చిన్న చతుర్భుజం దక్షిణాన సగం ఆకాశం ఎత్తులో ఉంటుంది. అది యామ్యోత్తర రేఖ మీదికి వచ్చిన గడియలోనే త్రిశంకువు దాని కిందికి వస్తుంది. చేయి చాచి హస్త నుంచి నిట్టనిలువుగా రెండు జానలకు కొద్దిగా తక్కువ కిందికి దిగండి. అక్కడ గాలిపటంలా నాలుగు చుక్కలు కనిపిస్తాయి, పై నుంచి కింది వరకు మూడు నాలుగు వేళ్ల వెడల్పు కన్నా ఎక్కువ ఉండదు. పై చుక్క ఎర్రగా ఉంటుంది. మిగతా మూడూ నీలితెలుపు. ఈ రంగు తేడా బైనాక్యులర్‌లో స్పష్టంగా తెలుస్తుంది, గుర్తింపుకు అదే గట్టి ఆధారం. పై చుక్క నుంచి కింది చుక్కకు గీసిన గీతను నాలుగున్నర రెట్లు పొడిగిస్తే ఖగోళ దక్షిణ ధ్రువం వస్తుంది. మనకు అది నేల కింద 19 డిగ్రీల లోతున ఉంది. ఎడమ చేతి వైపు చుక్క పక్కనే రత్నపేటిక అనే గుచ్ఛం బైనాక్యులర్‌లో మసక చుక్కలా, చిన్న టెలిస్కోపులో విడివిడి చుక్కలుగా కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది మోసపోతారు. మార్చి నెలలో రాత్రి 9 గంటలకు దక్షిణాన కనిపించే శిలువ ఆకారం త్రిశంకువు కాదు. వేలా, కెరీనా రాశుల చుక్కలతో ఏర్పడిన దొంగ శిలువ. అది అసలు దానికంటే పెద్దది, మసకది, దానిలో ఎర్రని శిరస్సు ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా దానికి ఎడమవైపు రెండు ప్రకాశమైన జంట చుక్కలు ఉండవు. నేను కూడా రెండు మార్చి నెలలు దాన్నే త్రిశంకువు అని అందరికీ చూపించాను.

ఆ జంట చుక్కలే బీటా, ఆల్ఫా సెంటారి. 10 గంటలకు అవి త్రిశంకువుకు ఎడమవైపు ఇంకా కిందుగా ఉంటాయి. అర్ధరాత్రి దాటేసరికి రెండూ 10 డిగ్రీల ఎత్తుకు లేస్తాయి. ఎడమ చివర ఉన్నది ఆల్ఫా, 4.37 కాంతి సంవత్సరాల దూరంలో సూర్యుడికి పొరుగున ఉన్న నక్షత్ర కుటుంబం. టెలిస్కోపు ఉన్నవారు 60 రెట్ల వర్ధనంలో, గాలి నిలకడగా ఉన్న క్షణంలో, అది రెండు పసుపు నక్షత్రాలుగా విడిపోవడం చూడవచ్చు. అవి ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి సుమారు 80 ఏళ్లు పడుతుంది.

11 గంటలకు ఈ రాత్రి అన్నిటికంటే గొప్ప దృశ్యం. చిత్త దక్షిణానికి వచ్చింది కదా, దాని నుంచి నిట్టనిలువుగా 36 డిగ్రీలు, అంటే రెండు జానలకు కొంచెం తక్కువ కిందికి బైనాక్యులర్ దించండి. ఒమేగా సెంటారి అనే గోళాకార నక్షత్ర గుచ్ఛం అక్కడ 23 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చీకటి చోట కంటికే మసక చుక్కలా ఆనుతుంది. బైనాక్యులర్‌లో బూడిద రంగు దూదిపింజలా, గుండ్రంగా, అంచులు కరిగిపోతూ కనిపిస్తుంది. అందులో దాదాపు కోటి నక్షత్రాలున్నాయి, దూరం సుమారు 17,000 కాంతి సంవత్సరాలు. సూటిగా కాకుండా ఓరచూపుతో చూస్తే అది ఇంకా వెడల్పుగా విచ్చుకుంటుంది. 6 అంగుళాల టెలిస్కోపులో 80 రెట్లకు అంచుల్లోని చుక్కలు పంచదార చల్లినట్టు విడిపోతాయి. త్రిశంకువు పేరు పెద్దది గాని, మన అక్షాంశం నుంచి చూసేవారికి దక్షిణాకాశం ఇచ్చే అసలు కానుక ఇదేనని నా అభిప్రాయం. ఎందుకంటే ఇది మసకకు పైన ఉంటుంది, డాబా మీది నుంచి కూడా దొరుకుతుంది. దానికి నాలుగున్నర డిగ్రీలు పైన, అదే నిలువు గీత మీద, సెంటారస్ ఎ గెలాక్సీ ఉంది. సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల అవతల నుంచి వచ్చే ఆ మసకను చూడడానికి కొండ చీకటి, ఓపిక రెండూ కావాలి.

మే చివర వరకు వాన రాకపోతే, రాత్రి 1 గంటకు వృశ్చికం తోక దక్షిణాన నిలుస్తుంది. జ్యేష్ఠ నుంచి వంపు తిరిగి మూల దాకా కళ్లతో నడిచి వెళ్లి, తోక కొనకు ఎడమవైపు చూస్తే మెస్సియే 7 అనే గుచ్ఛం కంటికే కనిపిస్తుంది. ఇది 36 డిగ్రీల ఎత్తులో ఉంటుంది కనుక చిక్కు లేదు.

రాసుకోవడం

తేదీ, సమయం, చోటు, గాలి తేటదనం, త్రిశంకువులో ఎన్ని చుక్కలు కంటికి కనిపించాయో రాయండి. పాదం నక్షత్రం ఏ నిమిషానికి మీ దిగంతంలో మాయమైందో గుర్తించడం ప్రత్యేకంగా విలువైనది. నాలుగైదు రాత్రుల్లో మీ చోటుకు అసలు హద్దు ఏ డిగ్రీ దగ్గర ఉందో తేలిపోతుంది, మరుసటి ఏడాది ఏది సాధ్యమో ఏది కాదో ముందే తెలుస్తుంది. ఫోటో కావాలంటే ఫోన్‌ను స్టాండు మీద పెట్టి 10 నుంచి 15 సెకన్ల ఎక్స్‌పోజరు ఇవ్వండి.

మిగిలిన నెలలు

వానాకాలంలో దక్షిణం మూసుకుపోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఫోమల్‌హాట్ 41 డిగ్రీల ఎత్తులో ఒంటరిగా వెలుగుతుంది, తర్వాత అచెర్నార్ దాదాపు 14 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అక్టోబరు మధ్యలో అది అర్ధరాత్రి, నవంబరు చివర 9 గంటలకు దక్షిణాన ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక మా వైపు ఊళ్లన్నీ కరెంటు లేక చీకట్లో ఉన్నాయి. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయిన రోజులవి, ఎవరికీ నిద్ర లేదు. ఆ చీకట్లో మా డాబా మీది నుంచే అచెర్నార్‌ను మొదటిసారి చూశాను. ఊరి దీపాలు వచ్చిన తర్వాత అదే డాబా నుంచి మళ్లీ కనిపించలేదు. ఇప్పుడు దాని కోసం ఊరికి దక్షిణంగా పొలాల్లోకి వెళతాను.

అగస్త్యుడు శీతాకాలపు నక్షత్రం. డిసెంబరు చివర అర్ధరాత్రి, ఫిబ్రవరి 11 ప్రాంతంలో రాత్రి 9 గంటలకు సరిగ్గా దక్షిణాన, 18 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. సిరియస్ తర్వాత ఆకాశంలో అంత వెలుగున్నది మరొకటి లేదు కనుక పట్టణంలో కూడా కనిపిస్తాడు. కొత్తవారికి దక్షిణాకాశాన్ని పరిచయం చేయడానికి ఇతనితోనే మొదలుపెట్టండి. అయితే ఏడాదిలో ఇతని మొదటి దర్శనం తెల్లవారుజామున జరుగుతుంది. అగస్త్యోదయంతో వాన నీళ్లు తేటపడతాయని మన పెద్దలు చెప్పిన ఉదయం ఇదే. ఆగస్టు చివరి రోజుల నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకు, మబ్బు లేని తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, దక్షిణపు గుర్తుకు ఎడమవైపు మూడు పిడికిళ్ల దూరంలో దిగంతాన్ని చూస్తూ ఉండండి. సున్నంతో గీసిన ఆ యామ్యోత్తర రేఖ అప్పటికి వానకు చెరిగిపోయి ఉంటుంది; ముందు రోజు పగలే మళ్లీ గీసుకోవాలి.